అరగదీసిన నాణేలు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, మావారు పోయాక ఏడాదంతా నేను మందిరానికి వస్తూనే ఉన్నాను గానీ, నిజం చెప్పాలంటే నేను ఇక్కడ లేను. నా మనసు లింగంపల్లిలో మా అద్దె ఇంట్లో, బీరువా అడుగున పెట్టిన బిస్కెట్ల డబ్బా దగ్గర ఉండేది.

ఆ డబ్బాలో మేము కొన్న నాణేలున్నాయి. మాదాపూర్ గుట్టల్లో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. అందరూ స్థలాలు కొంటున్నారు, మాకు అంత స్తోమత లేదు, అందుకని వీలైన నెలలో ఒక వెండి నాణెం, ఏడాదికోసారి ఒక బంగారు నాణెం కొని ముసలితనానికని దాచుకునేవాళ్లం. వాటి మీద లక్ష్మీదేవి బొమ్మ ఉండేది. అది పొరుగువారి పూజకు చెందినది, మన ఇంట్లో ఉండకూడదని మావారి పట్టుదల. ఆదివారం ఆరాధన నుంచి రాగానే వరండాలో కూర్చుని ఆకురాయితో నెమ్మదిగా అరగదీసేవారు, ఆ ఊపులో రెండో వైపున్న దుకాణం ముద్ర కూడా పోయేది. "సుశీలా, కింద పేపరు పట్టుకో. తుమ్మావంటే మన ముసలితనం గాల్లో కలుస్తుంది" అని నవ్వేవారు. నేను ఊపిరి బిగబట్టి పట్టుకునేదాన్ని.

ఒక ఉదయం ఆఫీసుకు తయారవుతూ ఆయన గుండె ఆగిపోయింది.

ఆ తర్వాత నాకు ఆ నాణేల మీది గీతలే ఆయన చేతులయ్యాయి. మొదట ఓదార్పు కోసం తడిమేదాన్ని, పోనుపోను భయం పట్టుకుంది. దొంగలు పడతారేమోనని ఆరాధన మధ్యలో లేచి వెళ్లేదాన్ని, ప్రభువు బల్ల దగ్గర రొట్టె చేతిలో పట్టుకుని బీరువాకు తాళం వేశానా లేదా అని ఆలోచించేదాన్ని! తాగుడు నుంచి విడుదల పొందినవారి సాక్ష్యాలు ఇక్కడే విన్నాను. నాది కూడా అలాంటి బంధకమేనని నాకు తోచలేదు, దుఃఖమనుకున్నాను.

మాకు పాలు పోసే యాదమ్మది రాయదుర్గం. ఆమె భర్త మల్లయ్య మేడ కట్టేచోట పరంజా మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆపరేషన్ చేస్తేనే నడుస్తాడన్నారు, అంత డబ్బు వాళ్ల దగ్గర లేదు. మర్నాడు పొద్దున్నే యాదమ్మ మా గుమ్మంలో నిలబడింది. "మా దేవుళ్లకు మొక్కి మొక్కి గొంతు పోయిందమ్మా. మీ దేవునికి జర నువ్వు చెప్పు" అంది. డబ్బు అడగలేదు.

ఆమె చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకున్నాను. మాట రాలేదు. కళ్లు తెరిస్తే, తల మీద కొంగు కప్పుకుని ఆమె ఇంకా ఎదురుచూస్తోంది. చివరికి ఇలా అన్నాను: "ప్రభువా, ఈమె అడుగుతున్న సాయాన్ని నేను బీరువాలో పెట్టి తాళం వేశాను. మావారు నీ దగ్గర ఉన్నారు, డబ్బాలో లేరు. నాకు ధైర్యం లేదు, నువ్వే నా చేతులు విప్పు." అంతే ప్రార్థన.

ఆ రోజే డబ్బా తీసుకుని నగల దుకాణానికి వెళ్లాను. సేటు ఒక్కొక్కటీ తిప్పి చూశాడు. "ఏందమ్మా ఇది, బొమ్మ లేదు, ముద్ర లేదు! గిట్ల గీకితే ఇగ నాణెం రేటు ఎట్లొస్తది? కరగబెట్టి పాత సొమ్ము లెక్కనే ఇస్త" అన్నాడు. కొన్ననాటికంటే బంగారం ధర అసలే పడిపోయింది, మేము పెట్టినంత కూడా రాలేదు. అయినా సరేనన్నాను. మూసలో ముందు ఆ గీతలు పోయాయి, తర్వాత అంచులు పోయాయి. చూస్తూ నిలబడ్డాను. మావారిని మట్టిలో పెట్టిన రోజున కూడా రాని ఏడుపు, ఏడాదిగా రాని ఏడుపు, అక్కడ వచ్చింది. సేటు కంగారుపడి మంచినీళ్లిచ్చి, "ఏడ్వకమ్మా, తూకంల జర ఎక్కువేస్త తియ్" అన్నాడు. ఏడుస్తూనే నవ్వాను సహోదరులారా, ఎన్ని నెలల తర్వాతో!

ఆ డబ్బంతా యాదమ్మ చేతిలో పెట్టాను. మల్లయ్యకు ఆపరేషన్ అయింది, కర్ర ఊతంతో నడుస్తున్నాడు. "మీ దేవుడు మంచోడే గని, కట్టె ఇడిపియ్యలేదమ్మా" అంటుంది యాదమ్మ. అది కూడా అడుగుతున్నాను.

దాచుకున్నది ఇప్పుడు ఏమీ లేదు. మావారి కోసం ఇంకా ఏడుస్తాను. కానీ ఇంటికి ఎవరొచ్చినా తలుపు తీస్తాను, మీ మధ్య కూర్చుంటే మీ మధ్యనే ఉంటాను. దీన్ని చేసింది నేను కాదు, దేవునికే మహిమ! మీలో ఎవరైనా పోయినవారి కోసం దేన్నయినా పట్టుకుని వదల్లేకపోతుంటే, ఆయన దగ్గరకు రండి. ప్రార్థించడానికి మాటలు రాకపోతే, రావడం లేదనే ఆయనతో చెప్పండి. నేను అక్కడి నుంచే మొదలుపెట్టాను.