బండి తోసినవాళ్ల పేర్లు

ఉదయం ఎనిమిదింబావుకు, మా చిన్నప్పుడు, కంటోన్మెంట్‌లో మా వీధంతటికీ ఒక పని ఉండేది... మా నాన్న కారు తొయ్యడం.

నాన్న బ్రూస్‌పేటలో మిషన్ బడికి హెడ్మాస్టరు. వీధి చివరి బంగళాలో ఉండే డాక్టరమ్మ ఊరు విడిచి వెళ్తూ తన పెద్ద నల్ల కారును అమ్మకానికి పెడితే నాన్న కొన్నాడు. ఓడలో వచ్చిన సీమ బండి. ఎర్ర తోలు సీట్లు, చెక్క డాష్‌బోర్డు, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినంత చప్పుడు. అప్పటికే దానికి పదిహేడేళ్లు... నాకు తొమ్మిది. తక్కిన అయ్యవార్లంతా సైకిళ్ల మీద బడికి పోతుంటే నాన్న రోజూ అందులోనే పోయేవాడు.

దాని సెల్ఫ్ పనిచేసేది కాదు. నలుగురు వెనకనుంచి తోస్తే, నాన్న గేరు వేసి క్లచ్ వదిలితే, రెండు దగ్గులు దగ్గి లేచేది.

"ఏందప్పా మేష్ట్రూ, ఏనుగును కొని మావటోణ్ణి మర్చిపోయినావే?" అనేవాడు ఎదురింటి తిప్పేస్వామి మామ, పంచె ఎగ్గడుతూ.

"మీరంతా ఉండారు గదప్పా" అనేవాడు నాన్న.

నాన్న పద్ధతి ఒకటే... తోసినవాళ్లు ఎక్కాలి. తిప్పేస్వామి మామ మార్కెట్ దగ్గర దిగేవాడు. నర్సు సుగుణమ్మత్త ఆసుపత్రి దగ్గర దిగేది. జయమ్మవ్వకు తోసే ఓపిక లేదు. వెనక మడ్‌గార్డు మీద రెండు వేళ్లు ఆనించి నాలుగడుగులు నడిచి, "నేనూ తోసినా" అని దర్జాగా ముందు సీట్లో కూర్చునేది.

నా పని నోటుబుక్కు. నాన్నే నాలుగు గళ్లు కొట్టి ఇచ్చాడు. తేదీ, మైళ్ల మీటరు అంకె, తోసినవాళ్లు, ఎక్కినవాళ్లు. ఒకసారి పేరు తెలియక "ఇంకొకాయన" అని రాశాను. ఆయన అప్పటికే దిగి సందు మలుపు తిరుగుతున్నాడు. నాన్న కారు ఆపి, నన్ను దింపి, అడిగి రమ్మన్నాడు. పరుగెత్తి అడిగాను... హనుమంతు, సిరుగుప్ప నుంచి వడ్ల పని మీద వచ్చాడు.

"మన బండికి భుజమిచ్చిన మనిషిని పేరు లేకుండా రాయగూడదు పాపా" అన్నాడు నాన్న. అంతే, తిట్టలేదు.

ఒక వేసవిలో ఎవరో మెకానిక్ సెల్ఫ్ బాగుచేశాడు. మర్నాడు తాళం తిప్పగానే బండి లేచింది. తిప్పేస్వామి మామ గేటుదాకా వచ్చి ఆగిపోయాడు.

"అట్లయితే సుమ్నే, ఊరికే వచ్చినామా మేము?" అని నవ్వాడు. నాన్న ఎక్కమని ఎంత పిలిచినా ఎక్కలేదు. తొయ్యకుండా ఎక్కడానికి ఆయనకు మొహమాటం. ఆ వారంలోనే మిగతావాళ్లూ రావడం మానేశారు. నోటుబుక్కులో అక్కడినుంచి చివరి రెండు గళ్లూ ఖాళీ.

ఆ నోటుబుక్కు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

నాకిప్పుడు డెబ్బై ఒకటి. ముప్పై నాలుగేళ్లు లెక్కలు చెప్పాను. మా ఆయన పోయి మూడేళ్లు. పోయిన ఏడు, ఇరవై రెండేళ్ల వయసున్న ఒక పెద్ద విదేశీ కారు కొన్నాను... రోజూ తిరగడానికే.

"అవ్వా, చిన్నది, కొత్తది తీసుకోరాదా? ఇది దినామూ యాడో ఒకచోట నిలబడిపోతాది" అంది బెంగళూరు నుంచి మనవరాలు.

"నిలబడనీ" అన్నాను. బండి ఆగాలనే కొన్నానని మనవరాలికి చెప్పలేదు.

కొత్త నోటుబుక్కుకు అవే నాలుగు గళ్లు కొట్టాను. మార్కెట్, బ్యాంకు, చర్చి... పదకొండు నెలలు. ఆ బండి ఒక్క రోజూ ఆగలేదు. పక్కింటి వాళ్లను ఎక్కమంటే, "ఆటో బుక్ చేసినామమ్మా, వచ్చేస్తాంది" అంటారు. మీటరు అంకె ఒక్కటే పెరుగుతూ వచ్చింది.

పోయిన గురువారం పొద్దున బ్రూస్‌పేట మలుపులో ఆగిపోయింది.

ముగ్గురు వచ్చారు. ఒకతను బైకు పక్కన పెట్టి, "న్యూట్రల్‌లో ఎయ్యవ్వా, తోస్తాం" అన్నాడు. తోశారు. అద్దంలో వాళ్ల తలలు, వంగిన భుజాలు కనబడుతుంటే నాకు మళ్లీ తొమ్మిదేళ్లొచ్చాయి. తాళం తిప్పుతూనే ఉన్నాను... లేవలేదు. అతను కిటికీలోంచి తొంగి చూసి నవ్వాడు.

"అవ్వా, ఇది ఆటో గేరు బండి. హొస్పేట దాకా తోసినా లేసేది కాదు."

క్లచ్ లేదని నాకు తెలుసు. మోకాళ్లకు హాయని అలాంటిది ఎంచుకున్నాను. క్లచ్ లేని బండి తోపుకు లేవదన్న సంగతి మాత్రం లెక్కల టీచరుకు తట్టలేదు.

వాళ్లు బండిని వేపచెట్టు నీడకు చేర్చారు. నేను దిగి వెనక తలుపు తెరిచాను.

"ఎక్కండప్పా."

"యాడికవ్వా, బండే కదల్లేదే" అని నవ్వుకుంటూ ఎవరి పని మీద వాళ్లు వెళ్లిపోయారు. తలుపు కాసేపు అలాగే తెరిచి ఉంచాను.

తర్వాత నోటుబుక్కు తీశాను. తేదీ వేశాను, మీటరు అంకె వేశాను. మూడో గడి దగ్గర పెన్ను ఆగింది... పేర్లు అడగలేదు. నాన్న అయితే దింపి పంపేవాడు. పరుగెత్తే కాళ్లు ఇప్పుడు లేవు.

"ముగ్గురు" అని రాయలేదు. ఆ గడి ఖాళీగానే ఉంచాను.

గురువారం పొద్దున బ్రూస్‌పేట మలుపులో ఒక ముసలామె బూడిదరంగు కారు తోసినవాళ్లలో మీరెవరైనా ఉంటే, మీ పేరు కింద రాయండి. మిగతావాళ్లు మీ వీధిలో ఎవరి బండి తోశారో, మీతో ఎవరెవరు భుజం కలిపారో రాయండి... పేర్లు మాత్రం తప్పకుండా రాయండి. ఈసారి అడుగుతున్నాను.