చిత్తూరు ఫైనల్ తర్వాత మా బావ

మా అక్క శకుంతలమ్మ మొగుడు గంగాధరానికి పాకాల బజారు వీధిలో బెల్లం అంగడి ఉండేది. చిన్నప్పుడు ఎద్దులబండి చక్రం పాదం మీదుగా పోవడంతో ఆయన కుడికాలు కొంచెం ఈడ్చి నడిచేవాడు. జన్మలో ఒక్కసారి కూడా బంతి తన్ని ఎరగడు. కానీ పాకాల ఫుట్‌బాల్ టీం ఎక్కడ ఆడితే అక్కడ, గీతకు రెండడుగుల దూరంలో, పంచె ఎగగట్టి నిలబడి ఉండేవాడు. మొదట్లో నేను కాలేజీ పిల్లవాణ్ణి. ఆయన పక్కన నిలబడడం నా పని. అరిచి అరిచి గొంతు పోతే సోడా తెచ్చివ్వడం కూడా నా పనే.

ఆయన అభిమానం అంతా కోపం రూపంలోనే బయటికొచ్చేది. మూడు గోల్స్‌తో గెలిచి వస్తే, నాలుగోది ఎందుకు కొట్టలేదని స్టేషన్ దాకా తిట్టేవాడు. రెఫరీలను తిట్టేవాడు, ఎండను తిట్టేవాడు. ఒకసారి మదనపల్లెలో లైన్ రెఫరీ చేతిలో జెండా లాక్కుని విరిచేస్తే, మమ్మల్ని ఊరి పొలిమేర దాకా తరిమారు. దారి పొడవునా మేం ఆయన్ని తిడుతుంటే ఆయన మాత్రం, "ఆఫ్‌సైడు కాదురా అది, నా కండ్లతో సూసినా," అంటూనే ఉన్నాడు.

కాట్పాడి మ్యాచి డెబ్భై మూడులో. ఆ రోజు ఒకటే వాన. బంతి గోలుకు గజం దూరంలో బురదగుంటలో కూరుకుపోయింది. దాన్ని తన్నబోయిన వాడల్లా జారిపడ్డాడు. ఆఖరికి మా ఫార్వర్డ్ మునెయ్య పిర్రల మీద జారుకుంటూ వెళ్ళి బురదతో సహా బంతిని లోపలికి నెట్టేశాడు. బావ మైదానంలోకి ఉరికాడు. రైలెక్కాక చూసుకుంటే ఒక కాలికే చెప్పు ఉంది. ఆ ఒంటి చెప్పుతో ఇంటికొచ్చి మా అక్క చేత తిట్లు తిన్నాడు.

డెబ్భై ఆరులో కోలారు బంగారు గనుల ప్రయాణం ఇంకా పెద్ద కథ. బావ వాళ్ళ నాయనకు బెల్లం బేరమని చెప్పి లారీ మాట్లాడాడు. బుట్టల మీద మేం ఇరవై మందిమి, మా మీద ఈగలు. మైదానం చుట్టూ గని షిఫ్టు దిగి వచ్చిన కార్మికులు, తలల మీద తలలు. చెరొక గోలుతో సమంగా ఉన్నప్పుడు వాళ్ళకు పెనాల్టీ దొరికింది. మా గోల్‌కీపర్ గోవిందస్వామి ఎడమకాలు అరడుగు వెనక్కి పెట్టి, కుడివైపుకు ఎగిరి, వేళ్ళ చివర్లతో బంతిని బయటికి కొట్టాడు. గని కార్మికులు తమ టీముకు గోలు తప్పిపోయిందన్న బాధ కూడా మరిచిపోయి ఈలలు వేశారు.

గోవిందస్వామి రైల్వే గూడ్సు షెడ్డులో మూటలు మోసే మనిషి. పని ఉన్న రోజు కూలి, లేని రోజు లేదు. ముగ్గురు పిల్లలు. బావకు వాడంటే ప్రాణం. మ్యాచి ముందు రోజు వాడికి పని చెప్పొద్దని షెడ్డు మేస్త్రీతో గొడవపడేవాడు. గెలిచిన రోజు అచ్చు బెల్లం, గుగ్గిళ్ళు వాడింటికి పంపేవాడు. "వాడు ఎగిరే ముందర ఎడమకాలు ఎనక్కి పెడతాడు సూడు. అది పెట్టినాడంటే బంతి దాటదు," అని అంగడికొచ్చిన వాళ్ళకంతా చెప్పేవాడు.

ఎనభై ఒకటి ఫిబ్రవరిలో చిత్తూరు ఫైనల్ వచ్చింది. వరదయ్య అనే నూనె మిల్లు యజమాని తన తండ్రి పేరున కప్పు పెట్టాడు. ఫైనల్లో మాకు ఎదురుగా ఆయన మిల్లు టీమే. పాకాల నుంచి ఒక రైలు పెట్టె నిండా జనం పోయాం. మొదటి సగంలోనే మునెయ్య గోలు కొట్టాడు. బావ నా భుజం మీద ఎంత గట్టిగా కొట్టాడంటే రెండు రోజులు చెయ్యి లేవలేదు.

రెండో సగంలో మిల్లు కుర్రాడొకడు చాలా దూరం నుంచి బంతిని తన్నాడు. కోడిపిల్ల నడిచినట్టు దొర్లుకుంటూ వచ్చింది. గోవిందస్వామి వంగాడు. బంతి వాడి కాళ్ళ మధ్యగా పోయింది. అందరం తల పట్టుకున్నాం. ఆట ముగియబోతుండగా కార్నర్ నుంచి బంతి గాల్లో లేచింది. అది వాడికి నిద్రలో అందే ఎత్తు. వాడు చేతులు కిందికి వేసుకుని చూస్తూ నిలబడ్డాడు. మిల్లు కెప్టెన్ తలతో బంతిని లోపలికి కొట్టాడు. మిల్లు టీం గెలిచింది.

బావ అరవలేదు. నేను ఆయన్ని మాట లేకుండా చూసింది అదే మొదలు. తిరుగు రైల్లో అందరూ ఖర్మ అంటున్నారు, ఎండ అంటున్నారు. పూతలపట్టు దాటాక బావ నా వైపు తిరిగాడు.

"ఎడమకాలు ఎనక్కి పెట్టలేదురా," అన్నాడు. "రెండు సార్లూ పెట్టలేదు. అమ్మేసినారు మనల్ని."

మరుసటి ఆదివారం క్లబ్బు గదిలో మీటింగు. ప్రెసిడెంటు పరంధామయ్య మామిడి తోటల ఆసామి. ఆ ఏడు పంచాయతీ సమితి ప్రెసిడెంటు ఎన్నికల్లో నిలబడాలని తిరుగుతున్నాడు. చిత్తూరు వరదయ్య అండ ఉంటే గెలుపు ఖాయమని ఊళ్ళో అందరికీ తెలుసు. పరంధామయ్య, ఓడినా బాగా ఆడారని టీముకు పూలమాలలు తెప్పించాడు. గోవిందస్వామి మెడలో మాల వేయబోతుంటే బావ లేచి నిలబడ్డాడు.

"ఆ మాల దించు. ఏం సూసి ఏస్తా ఉండావు వాడికి?"

"ఏమైందప్పా గంగాధరం? ఆటన్నాక గెలుపూ ఓటమీ ఉంటాది."

"ఓడిపోతే నేనెందుకు మాట్లాడతా? ఓడిచ్చినారు. నువ్వు సెప్పినావు, వాడు ఇడిచిపెట్టినాడు."

పరంధామయ్య నవ్వాడు. "నువ్వు ఎప్పుడన్నా బంతి తన్నినావా? కుంటికాలేసుకోని వచ్చి మాకు ఆట నేర్పుతా ఉండావే!"

గదిలో నలుగురైదుగురు నవ్వారు. బావ ముఖం నల్లబడింది.

"నా కాలు కుంటిదే. దాన్ని ఈడ్సుకోనే పదేండ్లు మీ ఎనకాల తిరిగినా. ఒకటే మాట. కాణిపాకానికి రాండి, ఇద్దురూ. తడిగుడ్డల్తో దేవుడి ముందర నిలబడి మేము ఏమీ సెయ్యలేదని సెప్పండి. అబ్బుడు అందురి ముందర మీ కాళ్ళకు మొక్కతా."

మా ప్రాంతంలో ఆ మాట అన్నాక వెనక్కి తీసుకోవడం ఉండదు. కాణిపాకం వినాయకుడి ఎదుట అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని చిన్నపిల్లలకు కూడా తెలుసు. పరంధామయ్య నవ్వు ఆపి, "సోమారం వస్తాం పో," అన్నాడు. గోవిందస్వామి నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు.

సోమవారం ఉదయం నేనూ బావా బస్సెక్కి కాణిపాకం చేరాం. పరంధామయ్యకు తిరుపతిలో అవసరమైన పని పడిందని ముందే కబురొచ్చింది. గోవిందస్వామి మాత్రం ఒక్కడే వచ్చాడు. కోనేట్లో స్నానం చేసి, నీళ్ళు కారే పంచెతో గుడిలోకి నడిచాడు. పూజారి హారతి పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. వాడు చెయ్యి ముందుకు చాపాడు. కాసేపటికి చేతిని వెనక్కి తీసుకుని, గిరుక్కున తిరిగి బయటికి వచ్చేశాడు.

పూజాసామాన్ల అంగళ్ళ ముందు బావ వాణ్ణి ఆపాడు.

"ఇడిచిపెట్టినా అన్నా," అన్నాడు గోవిందస్వామి. "మిల్లులో పర్మనెంటు పని ఇప్పిస్తానన్నాడు ప్రెసిడెంటు. వరదయ్య కూడా తోటలో కూర్చోబెట్టి నాకు మాటిచ్చినాడు. నాకు ముగ్గురు పిలకాయలు. ఎన్ని దినాలని మూటలు మోసేది?"

బావ చెయ్యి లేచింది. ఆ దెబ్బకు గోవిందస్వామి పక్కనున్న కొబ్బరికాయల కుప్ప మీద పడ్డాడు. కాయలు దొర్లిపోయాయి. వచ్చే పోయే భక్తులు ఆగి చూస్తున్నారు. వాడు లేచి, తడిపంచె సర్దుకుని, అంగడామెకు కాయలన్నీ ఏరి పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంటికి రాగానే బావ జరిగిందంతా మా అక్కకు చెప్పాడు. చెంప పగలగొట్టానని కాస్త గొప్పగానే చెప్పాడు. అక్క వడ్డించబోయిన గిన్నె కింద పెట్టింది.

"యాడున్నాడు పరంధామయ్య?"

"తిరుపతికి పోయినాడు."

"రేపు వస్తాడు కదా. వాకిట్లోకి పోయి వాడి చెంప కూడా పగలగొట్టి రా. పో."

బావ కంచం పక్కకు జరిపాడు.

"నీ చెయ్యి లెయ్యదు. వాడికి తోటలుండాయి, మనుషులుండారు. మూటలు మోసేవోడు కాబట్టి గోవిందస్వామి మీద లేసింది. పదేండ్లు వాడు ఎగిరితే సప్పట్లు కొట్టినావే, వాడింట్లో పొయ్యి రాజుకున్నాదా లేదా అని ఒక్క దినం అడిగినావా? నీ కోపం నాకు సెప్పొద్దు ఇంక."

ఆ రోజు బావ అన్నం తినలేదు. మర్నాటి నుంచి మైదానం వైపు వెళ్ళడం మానేశాడు. అంగడిలో తూకం రాళ్ళు విసిరి విసిరి పెట్టేవాడు. ఎవరైనా ఫుట్‌బాల్ మాట ఎత్తితే బేరం చెయ్యకుండా పంపేసేవాడు.

జూన్ నెలలో ఒక రోజు గూడ్సు షెడ్డు నుంచి బెల్లం బుట్టలు దించడానికి వచ్చిన వాళ్ళలో గోవిందస్వామి ఉన్నాడు. బావ వాణ్ణి చూసి గల్లాపెట్టె మూత ధడాల్న వేశాడు.

"ఏమిరా, మిల్లు దొరగారు ఈడికొచ్చినారే?"

"యాడ మిల్లు అన్నా? నాలుగు తూర్లు పోయినా. గేటు దాటనీలేదు."

బావ గల్లాపెట్టెకు తాళం వేశాడు. తర్వాత లేచి చొక్కా వేసుకున్నాడు. నన్ను అంగడి చూసుకోమన్నాడు. నాకు భయం వేసి, పక్కంగడి ముసలాయనకు అప్పజెప్పి వెనకే పోయాను. "నడువు," అన్నాడు గోవిందస్వామితో. అంతే. చిత్తూరు బస్సులో ఇద్దరూ ఒకే సీటులో కూర్చున్నారు. బస్సు దిగేదాకా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మిల్లు గేటు దగ్గర కావలివాడు అడ్డం వచ్చాడు. బెల్లం మండీలో తనకున్న పరిచయాలన్నీ గట్టిగా చెప్పి బావ లోపలికి దూసుకుపోయాడు. వరాండాలో వరదయ్య శెనక్కాయలు చేతిలోకి తీసుకుని నలిపి చూస్తున్నాడు. చుట్టూ పనివాళ్ళు. అద్దాల బీరువాలో మా చేజారిన కప్పు మెరుస్తోంది.

"వీడికి పనిస్తానని మాటిచ్చినావా లేదా?" అని అడిగాడు బావ.

వరదయ్య తల ఎత్తాడు. "ఎవురప్పా నువ్వు? వీడెవుడు?"

"నీకు కప్పు తెచ్చిపెట్టినోడు. గుర్తు లేదా? పాకాల గోల్‌కీపరు. బంతి ఇడిచిపెడితే పర్మనెంటు పని అన్నావంట కదా?"

"కాగితం ఉండాదా? సాచ్చెం ఉండాదా? యా పని? ఏం మాట?"

"మాటకు కాగితం యాడుంటాది? మా ఊరి పరువంతా వీడి సేత అమ్మిచ్చినావు. నమ్మి అమ్మినోణ్ణి కూడా మోసం సేస్తివే! దొంగసొత్తు కొన్నోడైనా దొంగకు ఇయ్యాల్సింది ఇస్తాడు. నువ్వు వాడి కంటే హీనం!"

మిల్లు రొద మీదుగా ఆ గొంతు అంతటా వినపడింది. కోలారులో అరిచిన దానికన్నా గట్టిగా అరిచాడు. పనివాళ్ళు చేతుల్లో పని ఆపేశారు. కావలివాళ్ళు ముగ్గురు వచ్చి మమ్మల్ని గేటు బయటికి నెట్టారు. బావ కిందపడ్డాడు, మోచెయ్యి కొట్టుకుపోయింది. గోవిందస్వామే ఆయన్ని లేపాడు. లేచిన వెంటనే బావ చెయ్యి విదిలించుకున్నాడు.

ఇంతలో మిల్లు టీం కెప్టెన్, నూనె మరకల బనీనుతో, లోపలి నుంచి పరుగున వచ్చాడు. ఫైనల్లో రెండో గోలు కొట్టింది అతనే.

"ఆయన సెప్పింది నిజమేనా?" అని గోవిందస్వామిని అడిగాడు.

గోవిందస్వామి తల ఊపాడు.

"నేను కొట్టింది కూడానా?"

మళ్ళీ తల ఊపాడు. ఆ కుర్రాడి కళ్ళు ఎర్రబడ్డాయి. మమ్మల్ని కొడతాడేమో అనుకున్నాను. రోడ్డు మీద తుపుక్కున ఉమ్మి, లోపలికి వెళ్ళిపోయాడు. ఆ మరుసటి ఏడు అతను మిల్లు టీముకు ఆడలేదని, ఆ ఏడుతోనే కప్పు పోటీ ఆగిపోయిందని తర్వాత తెలిసింది.

గోవిందస్వామికి ఉద్యోగం రాలేదు. ఆ దీపావళి లోపల కుటుంబంతో తిరుపతి వెళ్ళి, ఒక లాడ్జిలో యాత్రికుల సామాన్లు మోసే పనిలో చేరాడు. పరంధామయ్య సమితి ఎన్నికల్లో గెలిచాడు. పట్టించుకునే వాళ్ళు లేక రెండేళ్ళలో టీము చెదిరిపోయింది. మునెయ్య గ్యాంగుమన్‌గా గుంతకల్లు వైపు వెళ్ళిపోయాడు.

బావ గోవిందస్వామితో మళ్ళీ మాట్లాడలేదు. ఎనభై ఆరులో అక్కాబావలతో తిరుమలకు పోతూ నేనే ఒకసారి అడిగాను, వాడుండే లాడ్జి పక్కనే కదా, ఒకసారి చూసి పోదామా అని.

"ఎందుకు? వాడు సేసింది తప్పు కాదని సెప్పేదానికా?" అని కసిరాడు. మళ్ళీ తనే, "నేను కొట్టింది కూడా తప్పే. రెండు తప్పులు ఎదురెదురుగా నిలబడి ఏం మాట్లాడుకుంటాయిరా?" అన్నాడు. అక్క తాను ఇంటి నుంచి మూటగట్టి తెచ్చిన పిల్లల పాత బట్టలు ఆ లాడ్జిలో ఇచ్చిరమ్మని నన్ను పంపింది. బావ రోడ్డవతల నిలబడి, చూడనట్టు చూశాడు.

పరంధామయ్య మీద కోపం మాత్రం ఆయన దాచుకోలేదు. ఎనభై ఎనిమిదిలో పరంధామయ్య కూతురి పెళ్ళి. పెళ్ళివంటలకు బెల్లం కావాలని స్వయంగా కారులో వచ్చి అంగడి ముందు దిగాడు. సమితి ప్రెసిడెంటుగా చేసినాయన వాకిట్లోకి వస్తే బజారు వీధిలో లేవని మనిషి లేడు. బావ లేవలేదు. వెనక గోడ దాకా బుట్టలు పేర్చి ఉన్నాయి, బెల్లం వాసన వీధిలోకి కొడుతోంది.

"నీకు బెల్లం లేదు, పో," అన్నాడు.