పాలకూర ధర పడితే నా గుండెకు భయం

మాది కనకమామిడి. ఉన్న కొద్ది పొలంలో పాలకూర, మెంతికూర వేస్తాం. ఒక రోజు పొద్దున గంప ఎత్తుకుని ఆటో దాకా నడిచేసరికి ఊపిరి అందలేదు. గట్టు మీదే కూలబడ్డాను. మా ఆయన దేవదాసు ముందు నన్ను, తర్వాత గంపను ఆటోలోకి చేర్చాడు. రెండింట్లో గంపే తేలిక అని ఇప్పటికీ అంటాడు.

చేవెళ్ల దవాఖానలో గుండె చప్పుడు విని, సిటీకి పొమ్మన్నారు. అక్కడ ఈసీజీ, ఎకో తీశారు. గుండెలో మైట్రల్ అనే వాల్వ్ మూసుకుపోతోందని ఆపరేషన్ చేసి మెటల్ వాల్వ్ వేశారు. చుట్టూ సద్దుమణిగితే అది టిక్ టిక్‌మనడం వినబడుతుంది. చర్చిలో అందరూ కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే మా వదిన నా వైపు వంగి టైమెంతయిందని అడిగేది.

ఆ వాల్వ్ మీద రక్తం గడ్డ కట్టకుండా బతికినంత కాలం మాత్ర వేసుకోవాలి. రక్తం ఎంత పలచగా ఉందో ఐఎన్ఆర్ టెస్టులో తెలుస్తుంది. నంబరు పెరిగితే రక్తం కారుతుంది, తగ్గితే గడ్డ కడుతుంది. డిశ్చార్జి రోజు ఆకుకూరల గురించి కూడా ఏదో చెప్పారు. మేము పండించింది మాకే హాని చేస్తుందా అనుకుని, ఆ మాట ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

కొన్నాళ్లకు పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగలేదు. ఐఎన్ఆర్ బాగా పెరిగిందని డోసు తగ్గించారు. తర్వాతి టెస్టులో అది మరీ పడిపోయింది. డాక్టర్ మేడం ముఖం మారింది. మాత్రలు మానేస్తున్నావా అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది, ఒక్క పూట కూడా తప్పలేదు మరి.

అప్పుడామె ఇంట్లో ఏం వండుతారని అడిగింది. దేవదాసే అందుకున్నాడు. "మార్కెట్ల రేటు పడితే అమ్ముడుపోని కట్టలన్ని ఇంటికే మేడం. పారేయబుద్ధి కాదు, పూటపూటకూ పాలకూరే. రేటుంటే ఒక్క కట్ట మిగలదు, ఇగ పచ్చిపులుసే."

మేడం నవ్వింది. పాలకూరలోని విటమిన్ ఆ మాత్రకు ఎదురు పని చేస్తుందట. నా ఐఎన్ఆర్ ఇన్నాళ్లూ మార్కెట్ ధరతో పాటు ఎక్కి దిగిందన్నమాట.

పక్కనున్న చిన్న డాక్టర్ ఆకుకూరలు పూర్తిగా బంద్ చేయిద్దామన్నాడు. మేడం ఒప్పుకోలేదు.

"బంద్ చేయిస్తే మన పని సులువైతది. కాని ఈమెకు తిండే అది. ఆశ ఆపుకోలేక ఒకనాడు ఎక్కువ తిన్నదంటే వాల్వ్ మీద గడ్డ కడతది. ఆ నష్టం మనకు కాదు, ఈమెకు." తర్వాత నా వైపు తిరిగింది. "రోజూ ఒక్క తీరుగ, కొంచెమే తినమ్మా. దానికి సరిపోను మాత్ర నేను చూస్త."

ప్రాణం లేచి వచ్చింది. ఆ రోజు నుంచి చిన్న గిన్నెడు కూరే నా వంతు. తర్వాతి వారమే ధర పడి కట్టలు కుప్పగా తిరిగొచ్చాయి. దేవదాసు వాటి చుట్టూ తిరిగి తిరిగి, సాయంత్రానికి ఒక మేకను తోలుకొచ్చాడు. ఎందుకని అడిగితే నీ పానం కోసమే అన్నాడు. ఇప్పుడు దాన్ని చూస్తే ఊరంతా నవ్వుతుంది, మిగిలిన కట్టలు తిని అంత బలిసింది. నా ఐఎన్ఆర్ మాత్రం మేడం చెప్పిన చోటే నిలిచింది.

ఇలాంటి మాత్ర వేసుకునేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. సొంతంగా మాత్రా మార్చకండి, తిండీ మార్చకండి. ఇంట్లో ఏం వండుతారో, ఎంత తింటారో డాక్టరుకు దాచకుండా చెప్పండి. తూచేది వాళ్లే అయినా తక్కెడలో ఏముందో మనమే చెప్పాలి.

మేడం సరేనన్నాక చిన్న గంప నేనే ఎత్తుకుంటున్నాను. మళ్లీ నన్నూ గంపనూ మోయాల్సి వస్తుందేమోనని దేవదాసు వెనకే నడుస్తాడు. ఇక ఆ అవసరం లేదని అతనికీ తెలుసు. రావద్దని నేనూ చెప్పను.