మా అత్త ఎవరికీ విషం పెట్టలేదు

ఆ సందులో అందరూ ఆవిడను కుర్చీలక్క అనే పిలుస్తారు. సీటు చిరిగిపోయిన పేము కుర్చీలను మళ్ళీ కొత్తగా అల్లి ఇవ్వడం ఆవిడ పని. వీధిలోకి తెరుచుకునే కింది గదే దుకాణం. గోడకు తగిలించిన కుర్చీ చట్రాలు, మూలనున్న తొట్టిలో నానుతున్న పేము బద్దలు, కూర్చోవడానికి ఒక పొట్టి పీట. ఇంటినిండా కుర్చీలు పెట్టుకుని పీట మీద కూర్చుంటావేమక్కా అని ఎవరైనా అడిగితే, "డాక్టరు వెళ్ళి రోగి మంచం మీద పడుకుంటాడా" అంటుంది.

ఊరు పాతది. రాళ్ళు పరిచిన ఇరుకు సందులు, ఒకదాని భుజం మీద ఒకటి తల వాల్చినట్టుండే మేడలు. అందుకే బడిపిల్లలను అక్కడికి తీసుకొస్తుంటారు. ఈ యాత్రలు నడిపే కంపెనీ బస్సు మీద "కొండల్లో సాహసం, కోటల్లో చరిత్ర" అని లావుపాటి అక్షరాలతో రాసి ఉంటుంది. ముందు పిల్లలను కొండలకు తీసుకెళ్ళి, తాళ్ళు కట్టి బండలెక్కించి, వాగులు దాటించి, గుడారాల్లో పడుకోబెడతారు. తిరుగుదారిలో ఈ ఊళ్ళో దింపి పాత వీధులు చూపిస్తారు. ఆ బస్సు నడిపేది కుర్చీలక్క సొంత తమ్ముడే.

పిల్లల గుంపు సందులోకి వచ్చిందంటే తప్పకుండా ఆవిడ ఇంటి ముందు ఆగేది. చేతిలో పసుపు జెండా, నడుముకు చిన్న మైకుపెట్టె కట్టుకున్న గైడమ్మాయి పై కిటికీ వైపు చెయ్యి చూపించి ఏదో చెప్పేది. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూసేవారు. ఆ కిటికీ చుట్టూ కొయ్యతో చెక్కిన తీగలున్నాయి. వాటి గురించే చెబుతోందనుకుంది కుర్చీలక్క. దుకాణంలో రేడియో మోగుతూ ఉండటంతో ఆ మాటలేవీ ఆవిడ చెవిన పడలేదు. మన ఇల్లు చూడటానికి ఎక్కడెక్కడి పిల్లలో వస్తున్నారని పొంగిపోయి, ఆ కొయ్యతీగలకు నూనె రాయించింది, గడప రోజూ కడిగింది. పిల్లలు చేతులూపితే తనూ ఊపేది. వాళ్ళలో కొందరు చటుక్కున ఒకరి వెనక ఒకరు దాక్కునేవారు. సిగ్గు కాబోలనుకుంది.

ఒకరోజు రేడియో చెడిపోయింది. ఆవిడ వాకిట్లో కూర్చుని బద్దలు తుడుస్తుండగా గుంపు వచ్చింది. గైడమ్మాయి గొంతు తగ్గించి మొదలుపెట్టింది. ఈ పైగదిలో ఒకప్పుడు ఒక పిచ్చావిడ ఉండేదట. మొగుడికి విషం పెట్టి చంపితే, ఇంటివాళ్ళు ఆవిడను ఆ గదిలో పెట్టి తాళం వేశారట. చచ్చేదాకా ఆ కిటికీ దగ్గరే కూర్చుని చట్రం మీద టక్ టక్ మని కొడుతూ, దారినపోయే పిల్లలను పేరుపెట్టి పిలిచేదట. పలికిన పిల్లలెవరూ తిరిగి ఇంటికి పోలేదట.

కుర్చీలక్క చేతిలోని గుడ్డ అలాగే ఉండిపోయింది.

ఆ గదిలో ఉన్నది ఆవిడ మేనత్త. అమ్మా నాన్నా పోతే, ఇంత చిన్నగా ఉన్న అక్కాతమ్ముళ్ళిద్దరినీ తెచ్చి పెంచిన మనిషి. పెళ్ళే చేసుకోలేదు, ఇక మొగుడెక్కడ, విషమెక్కడ? వయసులో ఉండగా మెట్ల మీదినుంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. దిగడం ఎక్కడం కష్టమని పైనే ఉండిపోయింది. వెలుతురు బాగుంటుందని కిటికీ దగ్గర కూర్చుని కుర్చీలు అల్లింది. ఇంట్లో ఏదైనా నిండుకుంటే, అల్లికలో వాడే కొయ్యమేకుతో కిటికీ చట్రం మీద కొట్టి, కింద ఆడుకునే పిల్లల్లో ఒకరిని పేరుపెట్టి పిలిచేది. వాడు అంగడికి వెళ్ళి సరుకు తెచ్చిస్తే పైనుంచి పటికబెల్లం ముక్క విసిరేది. అంతే సంగతి.

"అమ్మాయ్, ఆగు" అంటూ లేచింది కుర్చీలక్క. పిల్లలు కెవ్వుమని నాలుగడుగులు వెనక్కి వేశారు. ఆ కేకతో ఆవిడకు ఒక్కసారిగా అర్థమైంది. ఇన్నాళ్ళూ పిల్లలు సిగ్గుతో దాక్కోలేదు, తనను చూసి భయపడి దాక్కున్నారు. ఒళ్ళు భగ్గుమంది. అది మా అత్త, ఎవరు చెప్పమన్నారు నీకీ కథ అని నిలదీసింది. గైడమ్మాయి జెండా కిందికి దించింది. ఆఫీసులో ఇచ్చింది ఇచ్చినట్టు అప్పజెబుతున్నానని, అది నిజంగా ఎవరి అత్తో అని తనకు తెలియదని గొణిగింది. ఆ పిల్లను ఇంకేమంటుంది? మర్నాడు దుకాణానికి తాళం వేసి కంపెనీ ఆఫీసుకే బయలుదేరింది.

ఆఫీసు గోడల నిండా నెత్తిన టోపీలతో తాళ్ళకు వేలాడుతున్న పిల్లల ఫొటోలు. మేనేజరు కుర్రతనం వదలని మనిషి, కాళ్ళకు ఆటల బూట్లు. ఎంతో మర్యాదగా కూర్చోబెట్టాడు, మంచినీళ్ళిచ్చాడు, ఆవిడ చెప్పిందంతా తలాడిస్తూ విన్నాడు. అంతా విని నవ్వాడు.

"మేడమ్, పిల్లలు కొండల మీదినుంచి వస్తారు. అక్కడ గుండె చేత్తో పట్టుకుని తాడు మీద వేలాడి వచ్చినవాళ్ళకి ఇక్కడ గోడలు, గుమ్మటాలు అంటే నిద్రపోతారు. కొంచెం భయం కలిపితేనే చరిత్ర ఎక్కుతుంది."

"కలపడానికి మా అత్తే దొరికిందా?"

"ఆవిడ పేరు మేం ఎక్కడా చెప్పం కదండీ."

"ఇల్లు చూపిస్తున్నారు కదయ్యా. ఆ ఇంట్లో నేను బతుకుతున్నాను. అడ్డమైన పిల్లలూ నన్ను చూసి పారిపోతున్నారు."

ఆ మాటకు మేనేజరు కళ్ళు మెరిశాయి. అంతలో అతనికి గొప్ప ఆలోచన వచ్చింది. ఆవిడ ఎలాగూ ఇంట్లోనే ఉంటుంది కాబట్టి, గుంపు వచ్చే వేళకు ఒక నల్ల శాలువా కప్పుకుని ఆ కిటికీలో కాసేపు కూర్చుంటే, ఊరికే కూర్చుంటే చాలు, పిల్లలు జన్మలో మరిచిపోరని చెప్పాడు. శాలువా కంపెనీయే ఇస్తుందట.

 కుర్చీలక్క మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి లేచి వచ్చేసింది. సగం దూరం వచ్చాక అనవలసిన మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. వెనక్కి వెళ్ళి అనేసి వద్దామా అని వీధి మధ్యలో నిలబడిపోయింది. అప్పుడే ఇంకొకటి తట్టింది. చట్రం మీద టక్ టక్ మని కొట్టడం ఈ కంపెనీవాళ్ళకు ఎలా తెలిసింది? పేరుపెట్టి పిలవడం ఎలా తెలిసింది? అత్త పోయి ఎన్నో ఏళ్ళయింది. అప్పటి పిల్లలు తలో దిక్కూ పోయారు. ఆ చప్పుడు ఎరిగినవాళ్ళు ఊళ్ళో ఇక ఇద్దరే. అందులో ఒకరు తను.

ట్రిప్పు నుంచి రాగానే తమ్ముడు ముందు అక్క ఇంట్లో అన్నం తిని, ఆ తర్వాతే తన ఇంటికి వెళ్ళడం అలవాటు. ఈసారీ వచ్చాడు. ఆవిడ కంచం పెట్టింది, వడ్డించింది, ఎదురుగా కూర్చుంది. అతను రెండు ముద్దలు తిన్నాక, అత్త మొగుడికి ఏ విషం పెట్టిందిరా అని అడిగింది.

తమ్ముడు తల ఎత్తలేదు. కంచంలోకి చూస్తూనే చెప్పాడు. కిందటేడు వానల్లో కొండదారిలో బండలు పడి బస్సు ఆగిపోయింది. ముందుకు పోలేరు, వెనక్కి తిరగలేరు, మంచు కమ్మేసి పక్కనున్న లోయ కూడా కనబడడం లేదు. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఒక పిల్ల వాంతులు చేసుకుంటోంది. తాళ్ళెక్కించే మాస్టారే కిటికీలోంచి చూసి బిగుసుకుపోయాడు.

"ఏదో ఒకటి చెప్పి వాళ్ళని మాటల్లో పెట్టాలనుకున్నానక్కా. నాకేం కథలొచ్చు? అత్త గుర్తొచ్చింది. కిటికీ దగ్గర కూర్చునేది, టక్ టక్ మని కొట్టేది, పేరుపెట్టి పిలిచేది అని చెప్పా. పిల్లలు ఏడుపు ఆపేసి 'తర్వాత?' అన్నారు. తర్వాత ఏముంది? ఏమీ లేదు. వాళ్ళేమో తర్వాత, తర్వాత అంటున్నారు. అప్పుడు విషం పెట్టేశా."

గైడమ్మాయి అదే బస్సులో ఉంది. కథ ఆఫీసుకు చేరింది. మేనేజరు డ్రైవరును పిలిచి, ఆ కిటికీ ఏ ఇంటిదో కనుక్కుని భుజం తట్టాడు. అంతవరకూ ఆ ఆఫీసులో అతని భుజం తట్టినవాళ్ళు లేరు.

కుర్చీలక్క అంతా వింది. మంచులో ఏడ్చే పిల్లలు ఆవిడ కళ్ళకు కట్టారు. కోపం తగ్గుతుందేమోనని ఒక క్షణం చూసింది. తగ్గలేదు.

"ఆ రోజుకి సరేరా. బండలు తీశారు, దారి తెరిచారు, పిల్లలు ఇళ్ళకి చేరారు. ఆ తర్వాత నీ నోరు ఎందుకు తెరుచుకోలేదు? ప్రతి ట్రిప్పుకీ వాళ్ళు మన వాకిట్లో నిలబడి అత్తని హంతకురాలు అంటుంటే, నువ్వు బస్సులో కూర్చుని ఏం చేస్తున్నావు?"

"అందరూ బాగుందంటుంటే... నా కథని..."

"నీ కథ కాదురా, అత్త బతుకు. నీ చొక్కాలు కుట్టి, నీ జ్వరాలు చూసి, కుంటుకుంటూ మెట్లు దిగి వెళ్ళి నీకోసం బడి మాస్టారి కాళ్ళు పట్టుకున్న మనిషి. నీ భుజం తట్టించుకోడానికి ఆవిడ చేత విషం పెట్టించావు."

తమ్ముడు కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాడు. ఆవిడ ఆపలేదు. ఈసారి గుంపు వచ్చినప్పుడు నువ్వే వచ్చి వాళ్ళ ముందు చెప్పాలి, లేదంటే ఈ గడప తొక్కొద్దు అని ఆ వెళ్ళే వీపుతోనే చెప్పింది.

వస్తాడని ఆవిడ నమ్మలేదు. కానీ తర్వాతి గుంపు సందులోకి వచ్చినప్పుడు, బస్సును బయట ఎక్కడో ఆపి, అందరికన్నా వెనక తమ్ముడు నడిచి వస్తూ కనిపించాడు. ఖాకీ చొక్కా బొత్తాలు మెడదాకా పెట్టుకున్నాడు. గైడమ్మాయి గొంతు తగ్గించి మొదలుపెట్టగానే, ఆగమ్మా అని ముందుకొచ్చాడు.

"పిల్లలూ, ఈ కథ నేను కల్పించింది. నిజం కాదు. అక్కడ కూర్చున్నది మా మేనత్త. ఆవిడ ఎవరికీ విషం పెట్టలేదు."

పిల్లలు ముఖముఖాలు చూసుకున్నారు. ముందు వరసలోని కళ్ళజోడు కుర్రవాడికి బొత్తిగా నచ్చలేదు. అయితే ఎవరూ చచ్చిపోలేదా అని అడిగాడు. చచ్చిపోయిందయ్యా, మా అత్తే, ముసలైపోయి, అన్నాడు తమ్ముడు. వెనక ఎవరో నిరుత్సాహంగా నిట్టూర్చారు. అంతలో ఒక పిల్ల, మరి నిజంగా ఆవిడ ఏం చేసేదండీ అంది.

 విషం పెట్టే అత్తను అంత తేలిగ్గా కల్పించిన తమ్ముడికి, అసలు అత్త దగ్గరికి వచ్చేసరికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. నిస్సహాయంగా అక్కవైపు చూశాడు.

"పేకాటలో మోసం చేసేది" అంది గుమ్మంలోంచి కుర్చీలక్క.

పిల్లలు పక్కున నవ్వారు. ఇక తమ్ముడు అందుకున్నాడు. మంచి ముక్కలు దిండు కింద దాచేదని, దొరికిపోతే కళ్ళు కనిపించడం లేదనేదని, ఈల వేస్తే చెవి మెలిపెట్టేదని చెప్పుకుపోయాడు. అక్క మధ్యమధ్య సరిదిద్దింది. ఇంకా చెప్పేవారే, కానీ వెంట వచ్చిన టీచరు గడియారం చూసుకుని, కోట మూసేస్తారు పదండి అంటూ పిల్లలను తోలుకుపోయింది.

దాని ఫలితం త్వరగానే తెలిసింది. తమ్ముణ్ణి యాత్రల బస్సు నుంచి తీసేసి, ఏదో కర్మాగారానికి కూలీలను చేరవేసే బస్సు మీద వేశారు. కొండలు లేవు, పిల్లలు లేరు, కథలు అడిగేవాళ్ళు లేరు. కుర్చీలక్క అగ్గిమీద గుగ్గిలమైంది. మళ్ళీ ఆఫీసుకు పోతానని చెప్పులేసుకుంది. తమ్ముడే చెయ్యి పట్టుకుని ఆపాడు. నువ్వు వెళ్ళి నోరారా తిడితే ఉన్న ఉద్యోగం కూడా పోతుందక్కా అని బతిమాలాడు. ఆ కోపమంతా దిగమింగుకోవడం ఆవిడ వల్ల కాలేదు. ఆ వారమంతా ఆవిడ అల్లిన సీట్లు డోలు చర్మంలా బిగిశాయి.

ఆ తర్వాత గుంపులు ఇంటి ముందు ఆగడం మానేశాయి. పీడ వదిలిందనుకుంది. ఒకనాడు ఎదురింటి ఇస్త్రీ అతను నవ్వుతూ వచ్చాడు.

"అక్కా, మీ అత్త గట్టెక్కింది. ఇప్పుడు విషం గడియారాల తాత పెడుతున్నాడు."

పక్క సందు మలుపులో తాళం వేసి ఉన్న ఇల్లుంది. అందులో ఒకప్పుడు గడియారాలు బాగుచేసే ముసలాయన ఉండేవాడు. నా అనేవాళ్ళు ఎవరూ లేరు. కంపెనీ కథను తీసుకెళ్ళి ఆ ఇంటికి తగిలించింది. ఇస్త్రీ అతను ఇదంతా తమాషాగా చెప్పాడు. కుర్చీలక్క నవ్వలేదు. బద్దలు తొట్టిలో పడేసి లేచింది. మన జోలికి రాలేదు కదా, నీకెందుకక్కా అన్నాడతను.

"అడిగేవాళ్ళు లేరనేగా ఆయన్ని పట్టుకున్నారు" అంది.

ఆరోజు సెలవు కావడంతో తమ్ముడు లోపల కునుకు తీస్తున్నాడు. ఆవిడ గొంతు విని లేచి, గొణుక్కుంటూనే చొక్కా వేసుకుని వెంట వచ్చాడు. ఇద్దరూ వెళ్ళేసరికి ఒక గుంపు అప్పుడే ఆ ఇంటి ముందు ఆగి ఉంది, పిల్లల వెనకాల నిలబడ్డారు. గైడమ్మాయి వాళ్ళను చూసింది. మైకు నోటి దగ్గరినుంచి దించింది.

"ఆపావేం తల్లీ, చెప్పు" అంది కుర్చీలక్క. "మేమూ వింటాం. ఆయన్ని మేం ఎరుగుదుం."

ఆ అమ్మాయి కాసేపు తలుపు మీది తాళం వైపు చూసి, ఇది చాలా పాత ఇల్లని మాత్రం చెప్పి పిల్లలను కోట వైపు నడిపించింది. ఇప్పుడు ఆ రెండు సందుల్లోనూ కొయ్యచెక్కడాల గురించి, గోడల మందం గురించి చెబుతున్నారు. పిల్లలు ఆవలిస్తున్నారట. ఆవలించనీ అంటుంది కుర్చీలక్క. యాత్రల బస్సు వెనక అద్దం మీద మాత్రం ఆవిడ ఇంటి కిటికీ, అందులో నల్లశాలువా కప్పుకున్న ఒక ఆకారంతో మేనేజరు అప్పట్లో వేయించిన బొమ్మ ఇప్పటికీ ఉంది. అది కనిపించినప్పుడల్లా ఆవిడ నడివీధిలోనైనా సరే చెయ్యెత్తి బస్సు ఆపుతుంది. వెనక హారన్లు మోగుతుంటే కొత్త డ్రైవరుకు అత్త సంగతంతా మొదటినుంచీ మళ్ళీ చెబుతుంది.