రెండు వేళ్ల దూరంలో జర్మనీ

మార్చిలో మా అమ్మాయి బడి నుంచి ఒక కాగితం వచ్చింది. ఐదో తరగతి నుంచి మంచి మార్కులొచ్చే పిల్లల్ని ఫౌండేషన్ సెక్షన్‌లో వేస్తారట. ఆ సెక్షన్‌లో సోషల్ పీరియడ్లన్నీ లెక్కలకు ఇచ్చేస్తారట. మాకు సమ్మతమేనని శనివారంలోగా సంతకం పెట్టి పంపాలి. మా ఆయన అది చదివి, జేబులో పెన్ను తీసి నా చేతికిచ్చి, తన పురుగుమందుల కొట్టుకు వెళ్లిపోయారు. ఇంట్లో డిగ్రీ చదివింది నేనే కాబట్టి పిల్ల చదువు కాగితాల మీద సంతకాలు నావే. నాలుగు రోజులు ఆ కాగితం ఫ్రిజ్ మీదే పడి ఉంది.

పదో తరగతిలో సోషల్‌లో నాకు నూటికి తొంభై ఆరు వచ్చాయి. ఎలా వచ్చాయో రాయాలంటే సిగ్గు కంటే అసహ్యమే ఎక్కువగా ఉంది. మా సార్ మొదటి రోజే పుస్తకాలు తెరిపించి, ఏ పాఠాలు ఛాయిస్‌లో వదిలేయాలో చెప్పారు. వదిలేసిన పేజీలన్నీ కలిపి పిన్ను కొట్టించారు, పొరపాటున కూడా తెరవకుండా. మిగిలిన పాఠాల్లో ప్రశ్నకు ఐదు పాయింట్లు. పాయింటుకు ఒక అక్షరం. ఆ ఐదు అక్షరాలు బట్టీ పడితే చాలు, పరీక్షలో ఒక్కో అక్షరం ఒక్కో సైడ్ హెడింగ్ అవుతుంది. దాని కింద స్కెచ్ పెన్నుతో గీత కొట్టాలి. దిద్దేవాళ్లు హెడింగులే చూస్తారని, కింద ఏం రాసినా ఎవరూ చదవరని ఆయన ధైర్యం చెప్పేవారు.

పటం సంగతి ఇంకా దారుణం. పరీక్షలో ఇచ్చే ప్రపంచ పటం ఎప్పుడూ ఒకే కొలత. పై అంచు నుంచి రెండు వేళ్లు కిందికి, నడిమి గీత నుంచి ఒక వేలు కుడికి జరిగితే జర్మనీ. సన్నవేళ్ల ఆడపిల్లలు అర వేలు కలుపుకోవాలి. నేను అర వేలు కలుపుకున్నాను. ఆ దేశంలో ఎవరుంటారో, ఎవరితో ఎందుకు యుద్ధం చేశారో మాలో ఒక్కరమూ అడగలేదు. మొదటి ప్రపంచ యుద్ధం, రెండో ప్రపంచ యుద్ధం అంటే ఇంటర్ ఫస్టియర్, సెకండియర్ లాగా ఒకే యుద్ధానికి రెండు భాగాలని చాలా ఏళ్లు అనుకున్నాను. డిగ్రీ పట్టా చేతికొచ్చాక కూడా అలాగే అనుకున్నాను.

రెండేళ్ల క్రితం మా అమ్మాయి ఫోన్‌లో ఏదో వీడియో చూస్తూ నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. ముళ్లకంచె వెనక, చారల బట్టల్లో, గుండ్లు కొట్టించుకుని, ఎముకలు తేలిన మనుషులు.

"అమ్మా, వీళ్లెవరు?"

కరువొచ్చి తిండి లేనివాళ్లని చెప్పాను. చెప్పేటప్పుడే అది అబద్ధమేమోనని అనుమానం వచ్చింది. ఆ మధ్యాహ్నం అత్తయ్యా నేనూ మిరపకాయల తొడిమలు తుంచుతూ కూర్చున్నప్పుడు, ఫోన్ పక్కన పెట్టుకుని ఆ వీడియో చెప్పే చరిత్ర మొదటి నుంచి విన్నాను. ఫోన్‌లో హిట్లర్ పేరు రాగానే నా నోట్లో పాత అక్షరాలు వాటంతటవే కదిలాయి. హిట్లర్ అధికారంలోకి రావడానికి కారణాలు: వ, ఆ, ని, యూ, ఉ. వర్సయిల్స్ సంధి, ఆర్థిక మాంద్యం, నిరుద్యోగం, యూదుల పట్ల ద్వేషం, ఉపన్యాసాలు. నాలుగో హెడింగ్ కింద నేనేం రాశానో కూడా గుర్తుకొచ్చింది. 'హిట్లర్ యూదులను ద్వేషించెను. తద్వారా ప్రజాదరణ పొందెను.' అంతే. దానికి నాకు మార్కులు వేశారు. తర్వాత ఏం జరిగిందో ఉన్న పేజీలకు పిన్ను కొట్టి ఉంది.

రైళ్లలో పశువుల్లా కుక్కి తీసుకెళ్లిన మనుషుల్ని, తల్లుల చేతుల్లోని పసిపిల్లలతో సహా, నేను ఒక అక్షరంగా మోశాను. వసారాలో నడుస్తూ ఆ అక్షరాన్ని పాటలాగా పాడుకున్నాను. తొడిమలు వదిలేసి పెరట్లోకి వెళ్లి కాసేపు నిలబడ్డాను. అత్తయ్య విసుక్కుంది.

"ఇప్పుడు ఏం పరీక్ష రాస్తావమ్మా? చేతులాడించు, పొద్దుపోతోంది."

సాయంత్రం మా అమ్మాయికి నిజం చెప్పాను, ఏడేళ్ల పిల్లకు చెప్పగలిగినంత. కరువు కాదని, మనుషులే మనుషుల్ని అలా చేశారని. ఎవరూ ఆపలేదా అని అడిగింది. తెలుసుకుని చెప్తానన్నాను. గుంటూరు వెళ్లినప్పుడు గోడకు తగిలించే పెద్ద ప్రపంచ పటం కొన్నాను. జర్మనీ చూపించమని పిల్ల అడిగితే నా చెయ్యి దానంతటదే పై అంచు మీద పడి, రెండు వేళ్లు కొలిచి, అర వేలు కలుపుకుని, ఒక వేలు కుడికి జరిగింది. మంచు సముద్రంలో ఆగింది.

"అమ్మా, అక్కడంతా నీళ్లే కదా," అని పిల్ల పడీపడీ నవ్వింది. నాకు నా చేతిని చూస్తే అసహ్యమేసింది.

అప్పటి నుంచి చదువుతూనే ఉన్నాను. పిల్ల పడుకున్నాక ఒక గంట, తెలుగులో దొరికితే తెలుగులో, లేకపోతే డిక్షనరీ పెట్టుకుని ఇంగ్లీషులో. జ్ఞానం పెరుగుతున్న సంతోషం ఏమీ లేదు. ఓడల్లో గొలుసులేసి అమ్మిన మనుషులు. అదే రెండో యుద్ధం రోజుల్లో బెంగాల్‌లో గంజి కోసం అడుక్కుంటూ రోడ్ల మీద చచ్చిపోయిన జనం. ఏ పేజీ తెరిచినా శుభ్రంగా ఇస్త్రీ బట్టలు వేసుకున్నవాడెవడో మనుషుల పేర్లు పట్టీ రాసుకుంటూ కూర్చుని ఉంటాడు. ఇవన్నీ నాకు పదిహేనేళ్లప్పుడు తెలియాల్సినవి.

అందుకే శుక్రవారం ఆ కాగితం పట్టుకుని బడికి వెళ్లాను. ప్రిన్సిపాల్ నా వయసువాడే. మర్యాదగా కూర్చోమన్నాడు. సోషల్ ఎక్కడికీ పోదని, పదో తరగతిలో రెండు నెలలు కూర్చోబెడితే బండరాయికి కూడా తొంభై వస్తాయని చెప్పాడు. ఈ సెక్షన్ వద్దంటే పిల్ల బి సెక్షన్‌లో ఉండాలి. మంచి టీచర్లంతా ఫౌండేషన్‌కే వెళ్తారని కూడా దాచకుండా చెప్పాడు.

"మీరూ అలాగే చదివుంటారు మేడం. మీకేం తక్కువైంది చెప్పండి?"

"నాకు తొంభై ఆరు వచ్చాయండీ. వాళ్లందర్నీ చంపేశారని మాత్రం మొన్నమొన్నటిదాకా తెలియదు."

"ఎవర్నండీ?" అన్నాడు.

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. వివరంగా చెప్పాను. అయ్యో అని తలూపి, ఆ పాఠం పరీక్షకు ఇంపార్టెంట్ కాదు కదండీ అన్నాడు. నేను సంతకం పెట్టకుండానే కాగితం బల్ల మీద పెట్టి లేచి వచ్చాను. మా ఆయన, నా పిచ్చికి పిల్లను బలిపెట్టానన్నారు. కాదని గట్టిగా అనలేకపోయాను. ఇప్పటికీ అనలేను.

జూన్‌లో బడి తెరిచారు. మొదటి వారమే మా అమ్మాయి సంచి విసిరేసి చెప్పింది. బి సెక్షన్‌లో సోషల్ పీరియడ్ ఉంది, చెప్పేవాళ్లే లేరు. ఆటల సార్ వచ్చి కూర్చుని ఎక్కాలు రాయిస్తున్నాడు.

"ఎక్కాలు నాకు వచ్చు కదమ్మా," అంది.

అది విని మా ఆయన కోప్పడలేదు, నవ్వారు. ఆ నవ్వు కంటే కోపమే నయం.

రేపు పొద్దున మళ్లీ వెళ్తున్నాను. వారానికి ఒక్క పీరియడయినా ఆ సెక్షన్‌కు పాఠం చెప్పించమంటాను. టీచర్ లేరంటే నేనే వచ్చి ఊరికే చెప్తానంటాను. ఒప్పుకుంటారన్న నమ్మకం లేదు. నా మీద కోపం పిల్ల మీద చూపిస్తారేమోనని ఒక భయం. ఒకవేళ ఒప్పుకుంటే ఇంకో భయం. నలభై మంది పిల్లలు అడిగేవాటిలో సగానికి పైగా నాకు జవాబు తెలియదు. తెలియదని వాళ్లకే చెప్పి, ఇంటికొచ్చి వెతుక్కోవాలి.