ఎట్రాక్టివ్ మాటకి నేను చెప్పిన అర్థం

మా ఇంట్లో చదువూ, ఇంగ్లీషు ముక్కా వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. చోడవరం హైస్కూల్లో నాలుగో ఫారం దాకా చదివాను. అందుకని నన్ను చూసి వెళ్ళిన అనకాపల్లి గుమస్తా రాసిన ఉత్తరం నా చేతే చదివించారు. నా పెళ్ళి ఉత్తరం నేనే చదవడం! ఇంకెవరికైనా ఇలాంటి గతి పట్టిందా?

ఆ గుమస్తా అబ్బాయి నాకు నచ్చాడు. పెళ్ళిచూపుల్లో కాఫీతో మూతి కాల్చుకుని, ఏమీ కానట్టు నవ్విన మనిషి.

ఉత్తరమంతా తెలుగే. “మీ అమ్మాయి చాలా” అని రాసి, ఆ పక్కన ఒక్క మాట మాత్రం ఇంగ్లీషులో రాశాడు, ఎట్రాక్టివ్ అని. సిగ్గేసి ఇంగ్లీషు చాటున దాక్కున్నాడని నాకు తెలిసిపోయింది.

“అదేటే?” అంది నాయనమ్మ.

అర్థం నాకు తెలుసు. చూడగానే మనసు లాగేసేలా ఉన్నానట. కానీ ఎదురుగా నాన్న! బాగున్నానట అని నా నోటితో నేనెలా చెప్పను? చచ్చినా చెప్పలేను. తోచింది అనేశాను.

“పనిమంతురాలు అని.”

నాయనమ్మ పగలబడి నవ్వింది. “ఇదా! పొద్దెక్కితేగానీ లెగదు. సీపురు ఏ మూలుంటాదో తెలీదు. ఆ బాబుకి ఎవులు సెప్పేరే?”

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వేశాను. నవ్వనిది నాన్న ఒక్కడే.

నాన్న చెరకు పండించి బెల్లం వండే మనిషి. పైన మంచి దిమ్మలు పేర్చి కింద నల్లవి దాచే రకం కాదు. నల్లగా దిగిన దిమ్మని తనే ముందు తీసి కొనేవాళ్ళకి చూపించేవాడు. కూతురి సంగతిలోనూ అదే పద్ధతి.

“కాయితం తే. నాను సెప్తాను, నువ్వు రాయి. బాబూ, మా గుంటకి ఆ మాట సరిపోదు. ముందే సెప్తన్నాను, తర్వాత మోసపోయేనని అనుకోకు. అలా రాసి, ఆ ఇంగ్లీషు మాట కూడా అక్కడ పెట్టు.”

మా అమ్మాయి ఎట్రాక్టివ్ కాదని నా చేత్తో నేనే రాయాలి! అది చదివితే, ఇష్టంలేక తిప్పికొట్టారనుకోడూ? “మా అమ్మాయి” దాకా రాశాను. ఆ పైన చెయ్యి కదలదు. నచ్చిన సంబంధం నా అబద్ధంతోనే పోయేలా ఉంది. ఏడుపొచ్చేసింది.

“ఏటమ్మా?” అన్నాడు నాన్న.

“దానర్థం అది కాదు నాన్నా. నేను... సూడ్డానికి బాగున్నానని,” కాయితంలోకి చూస్తూ గొణిగాను.

మా ఇళ్ళలో కన్నవాళ్ళు పిల్లల్ని మెచ్చుకోరు, దిష్టి తగులుతుందని భయం. పద్దెనిమిదేళ్ళొచ్చినా, నేను బాగుంటానని నాన్న నోట ఎప్పుడూ వినలేదు.

నాన్న నా మొహంకేసి చూశాడు. దిమ్మ రంగు చూసినట్టు, తొందర లేకుండా చూశాడు.

“అదైతే నిజవే కదా. కాదని ఎలా రాస్తాం? అది కొట్టీసి, ముహూర్తం పెట్టుకుందాం రమ్మని రాయి.”

నాయనమ్మ లేచి వంటింట్లోంచి గుప్పెడు ఉప్పు తెచ్చింది. “ఇంగ్లీషు దిష్టికి ఇది పన్సేస్తాదో లేదో,” అంటూ నా తల చుట్టూ మూడుసార్లు తిప్పింది.

ఆ తర్వాత కాపురంలో మా ఆయన ఆ ఇంగ్లీషు మాట చాలాసార్లే అన్నారు, పులుసు మాడిన రోజున కూడా. విని నవ్వుకునేదాన్ని. నాన్న మాత్రం “నిజవే కదా” అని ఆ ఒక్కసారే అన్నాడు. అద్దం ముందు నిలబడితే ఇప్పటికీ నాకు వినపడేది నాన్న మాటే.