గుమ్మటం మెడలో ముప్పై రెండు కన్నాలు

సున్నం పనిలో మేస్త్రీ చెయ్యి తిరిగినవాడు. తాత, తండ్రి, తరవాత తను, మూడు తరాలూ ఆ ఒక్క మసీదునే నమ్ముకున్నారు. మూడు వందల ఏళ్ళ కట్టడం. నాలుగు లావుపాటి స్తంభాలు, వాటి మీద కమానులు, ఆ పైన ఒకే ఒక్క గుమ్మటం. గుమ్మటం మెడ చుట్టూ, లోపలివైపు, పిడికిలి పట్టేంత కన్నాలు ముప్పై రెండు. "వాటి జోలికి పోకురా," అని తండ్రి పోతూ పోతూ చెప్పాడు. ఎందుకో చెప్పలేదు మహానుభావుడు! పిచ్చుకలు గూళ్ళు పెట్టుకుంటాయి, పాపం వాటి కోసమే కాబోలనుకున్నాడు మేస్త్రీ.

చాపల మీద గడ్డి రాలుతోందని కమిటీ పెద్ద సణిగాడు. పిచ్చుక పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగి, మేస్త్రీ ముప్పై రెండింటిలోనూ గోనెగుడ్డ కుక్కి సున్నం మెత్తేశాడు. లోపల చెయ్యి పెట్టి ఉంటే అప్పుడే తెలిసేది. పెడితేగా! గూళ్ళలో పాములుంటాయని ఆయనకు చచ్చేంత భయం.

ఆ నెల నుంచే ఇమాంగారి మాట చెడింది. వెనక వరసకు చేరేసరికి మాట మీద మాట పడి గుడగుడమనేది. మైకు పెడితే గోల రెట్టింపైంది.

"నా చెవులు పోయాయే," అన్నాడు మేస్త్రీ ఇంట్లో.

"నేను వంటగదిలో గొణిగేవన్నీ వినిపిస్తున్నాయిగా, చెవులకేం రోగం?" అంది భార్య.

ఇమాంగారి గొంతే ముసలిదైందని కమిటీ తేల్చేసింది. శుక్రవారం నమాజు కాగానే పంపించేస్తారట. ముప్పై ఏళ్ళుగా మసీదు పక్క గదే ఆయనకు ఇల్లు.

బుధవారం గుమ్మటం మెడలో పగులు పూడ్చడానికి మేస్త్రీ పరంజా ఎక్కాడు. పక్కనున్న పూడిక ఒకటి ఊడింది. గోనెగుడ్డ పీకబోతే తండ్రి ఇచ్చిన ఉలి చేజారి లోపల పడి ఖంగుమంది. పాముల సంగతే మరిచి చెయ్యి దూర్చాడు. మోచెయ్యి దాకా వెళ్ళింది. వేళ్ళకు నున్నటి గుండ్రటి కడుపు తగిలింది. కుండ! గోడలో పడుకోబెట్టి, మూతి మాత్రం బయటికి వదిలిన మట్టికుండ. పక్క కన్నమూ అంతే, దాని పక్కదీ అంతే. ప్రతిధ్వనిని మింగేసి, గుమ్మటం కింద మాట కలగాపులగం కాకుండా పాతవాళ్ళు పెట్టిన కుండలవి. మాట చెడింది తను మూసిన నెల నుంచే కదా!

చెబితే మూడు తరాల పరువు పోతుంది. చెప్పకపోతే ఇమాంగారు వీధిన పడతారు. గుట్టుగా తెరిచేస్తే సరి, మాట దానంతటదే బాగవుతుంది అనుకున్నాడు. అడిగినవాళ్ళకు పగుళ్ళు చూస్తున్నానన్నాడు.

శుక్రవారం జనం వచ్చే వేళకు ముప్పై రెండోది తెరిచాడు. కుండ మూతి తుడుస్తూ ఉక్రోషం ఆపుకోలేక గొంతులోనే గొణుక్కున్నాడు. "పాపిష్టి చేతులు! మూసింది నేనైతే వెళ్ళగొట్టేది ఆయన్నా?"

కింద అలికిడి ఆగిపోయింది. వెనక గుమ్మం దగ్గర, విడిచిన చెప్పు ఒకటి చేతిలో పట్టుకుని, కమిటీ పెద్ద తల పైకెత్తి చూస్తున్నాడు. పక్కన పాతికమంది, అందరూ పైకే.

"ఏం మూశావు మేస్త్రీ?"

ముందు వరసలో ఇమాంగారు కూడా లేచి నిలబడ్డారు. మేస్త్రీ పరంజా కర్ర పట్టుకుని కిందికి వంగాడు.

"కుండలండీ," అన్నాడు. "ముప్పై రెండూ నేనే మూశాను. ఆయన గొంతుకేం కాలేదు."

అరవాల్సిన పని లేకపోయింది. ప్రతి అక్షరమూ చివరి వరస దాకా వెళ్ళింది.